మాష్టారి ఫోన్ నంబరు – చనువు ఎంత, హద్దు ఎంత?



ఉపకార వేతనాల సంచికకు పిల్లల చదువుకు పనికివచ్చే పాఠం ఒకటి రాయమని మన ట్రస్టు పెద్దలు అడిగారు. లెక్కల మాష్టారిని కనుక లెక్కల మీదే రాస్తానని వారు అనుకొని ఉంటారు. కాని ఈమధ్య నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు లెక్కల సంగతి తక్కువగా, ఫోను సంగతి ఎక్కువగా అడుగుతున్నారు. మొన్న ఒక తల్లి ఇలా అడిగింది: "సార్, మా పాపకు క్లాసు సారు రాత్రి పది గంటలకు విడిగా మెసేజ్ పెడుతున్నాడు. పాఠం గురించే పెడుతున్నాడు, తప్పు మాట ఒక్కటీ లేదు. అయినా ఎందుకో నాకు మనసొప్పడం లేదు. అడిగితే తప్పవుతుందా?"

అడగడం తప్పు కాదు. ఎందుకు తప్పు కాదో, ఎలా అడగాలో చెప్పడానికే ఈ పాఠం.

నేను హోసూరు ప్రాంతంలో 30 ఏళ్ళకు పైగా తెలుగు మాధ్యమం పిల్లలకు లెక్కలు చెప్పి పదవీ విరమణ చేశాను. ఈ విషయంలో నేనూ ఒక పొరపాటు చేశాను. దాన్ని దాచుకొని మీకు నీతులు చెప్పడం న్యాయం కాదు కనుక అదీ రాస్తున్నాను.

మన ఊళ్ళలో ఈ చిక్కు ఎందుకు ఎక్కువ?

తెలుగు రాష్ట్రాల బయట తరతరాలుగా ఉంటున్న మనకు బడిలో తెలుగు మాట్లాడే ఉపాధ్యాయుడు ఒకరో ఇద్దరో ఉంటారు. తమిళనాడులో 2006 చట్టం తరువాత తమిళం అన్ని బడుల్లోనూ మెట్టు మెట్టుగా తప్పనిసరి అయింది. పిల్లలు నేర్చుకున్నారు. కాని బడి నుంచి వచ్చే తమిళ కాగితం చదవలేని తల్లులు మా వైపు చాలామంది ఉన్నారు. "ఏమి రాసినారో చెప్పు సార్" అని ఆ కాగితం ఫొటో తీసి నాకు పంపేవారు. నేను తెలుగులో వాయిస్ మెసేజ్ పెట్టేవాణ్ణి. అది చేయవలసిన పనే, ఇప్పుడైనా చేస్తాను.

పైగా తరగతిలో సగం మంది మనకు చుట్టాలే. బడిలో "సార్" అన్న పిల్లవాడే పెళ్ళిలో "చిన్నాయనా" అంటాడు. మా వైపు పెద్దలు పంతులును ఇప్పటికీ "అయ్యవారు" అని పిలుస్తారు. అయ్యవారి మీద అనుమానం రావడమే పాపమని అనుకునే ఇళ్ళు ఉన్నాయి. ఇంత నమ్మకం ఉన్నచోట హద్దు గీయడం మొహమాటంగానే ఉంటుంది. గీయకపోతే మాత్రం నష్టపోయేది పిల్లలే.

ఫోను బడిలోకి ఎలా వచ్చింది?

2004లో ఆర్కుట్ వచ్చింది, 2014లో మూతపడింది. ఫేస్‌బుక్ 2006లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. అప్పట్లో కంప్యూటరు సెంటరుకు వెళ్ళిన పెద్ద పిల్లలు మాత్రమే మాష్టార్లకు "ఫ్రెండ్ రిక్వెస్టు" పంపేవారు. 2009లో మొదలైన వాట్సాప్, చౌక డేటా వచ్చాక ప్రతి ఇంటికీ చేరింది. అయినా బడికీ ఫోనుకూ మధ్య ఒక గోడ ఉండేది. ఫోను తెచ్చిన పిల్లవాణ్ణి హెచ్.ఎం. గది ముందు నిలబెట్టేవాళ్ళం.

2020 మార్చిలో కరోనా వల్ల బడులు మూతపడినప్పుడు ఆ గోడ ఒక్కసారిగా కూలింది. వద్దన్న ఫోనునే కొనమన్నాం. మా నంబర్లు పిల్లలకు ఇచ్చాం, వాళ్ళవి మేం తీసుకున్నాం. కల్వి టీవీలో పాఠాలు ఎక్కువగా తమిళంలో వచ్చేవి కనుక తెలుగు మాధ్యమం పిల్లలకు ఫోను పాఠమే దిక్కయింది. బడులు మళ్ళీ తెరుచుకున్నాయి గాని, ఆ నంబర్లు, ఆ గ్రూపులు, రాత్రి మెసేజ్ పెట్టే అలవాటు అలాగే మిగిలాయి. అవసరానికి తీసిన తలుపును అవసరం తీరాక ఎవరూ మూయలేదు.

నేను చేసిన పొరపాటు

2020లో నా 9వ తరగతిలో లెక్కలు బాగా చేసే పాప ఒకతె ఉండేది. పేరు చెప్పను. వాళ్ళింట్లో ఉన్నది ఒకే ఫోను, అది తండ్రిది. పగలు ఆయనతోపాటు పనికి పోయేది. రాత్రి ఆయన పడుకున్నాక పాపకు దొరికేది. అందుకని ఆమె సందేహాలు రాత్రి పది దాటాకే వచ్చేవి. నేను మేలుకొని జవాబు చెప్పేవాణ్ణి. చదువు మీద అంత శ్రద్ధ ఉన్న పిల్లను రేపు అడగమని ఎలా అంటాం?

కొన్నాళ్ళకు లెక్కలతోపాటు వేరే మాటలు మొదలయ్యాయి. తండ్రికి పని సరిగా లేదు. చదువు మాన్పించి గులాబీ తోటల్లో పనికి పంపుతారేమోనని పిల్లకు భయం. "ఇంట్లో చెప్పొద్దు సార్" అని రాసింది. చెప్పనని మాట ఇచ్చాను. "బాధపడకు తల్లీ, నేనున్నాను కదా, పడుకో" అని రాశాను. ఇలా నెల పైనే సాగింది. హెచ్.ఎం. అమ్మగారికి చెప్పలేదు, నా భార్యకు కూడా చెప్పలేదు. మంచి పనే చేస్తున్నానని అనుకున్నాను.

ఒక రోజు తండ్రి ఆ మెసేజ్‌లన్నీ చూశాడు. ముందు బడి గేటు దగ్గర గొడవ అయింది. తరువాత హెచ్.ఎం. అమ్మగారి ముందు కూర్చుని మెసేజ్‌లన్నీ ఒక్కొక్కటే చదివాం. తప్పు మాట లేదని ఆయన ఒప్పుకున్నాడు. కాని అప్పుడు ఆయన అన్న మాట నేను మరిచిపోలేను: "సార్, మీరు చెడ్డవారని నేననను. కాని రాత్రి పదకొండు గంటలకు నా బిడ్డ ఏడుస్తా ఉంటే మీకు తెలిసింది, పక్క గదిలో ఉన్న నాకు తెలియలేదు. ఆ మాట మీరు నాకు కదా చెప్పాల్సింది?"

నా దగ్గర జవాబు లేదు. నేను ఆ పిల్లకు తోడుగా ఉన్నానని అనుకున్నాను. నిజానికి ఆమెకు సాయం చేయగలిగిన వాళ్ళందరినీ దూరంగా ఉంచాను. ముందే హెచ్.ఎం.తో చెప్పి ఉంటే ఆ తండ్రిని పిలిచి మాట్లాడేవాళ్ళం, ఉపకార వేతనం సంగతి చెప్పేవాళ్ళం. అదేమీ జరగలేదు. ఆ ఇంట్లో ఫోను పిల్లకు అందకుండా పోయింది. 2021 ఫిబ్రవరిలో 9వ తరగతికి బడి తెరిచేదాకా ఆమె పాఠాలకు దూరమైంది. తరువాత పది పాసయింది గాని, ప్లస్ వన్‌లో గణితం గ్రూపు తీసుకోలేదు. దానికి నేనూ ఒక కారణం.

హద్దు ఎందుకు? మూడు కారణాలు

మొదటిది: మనసులోని ఉద్దేశం తెర మీద కనబడదు. తరగతిలో "ఏమ్మా, భోంచేశావా?" అంటే నలభై మంది వింటారు, గొంతు వింటారు, ముఖం చూస్తారు. అదే మాట రాత్రి పదకొండింటికి ఒక్కరి ఫోనులో కనబడితే దాని అర్థం వేరుగా తోస్తుంది. మాట మారలేదు. చోటు, వేళ మారాయి.

రెండవది: మంచివాడి మెసేజ్‌లూ చెడ్డవాడి మెసేజ్‌లూ మొదట్లో ఒకేలా ఉంటాయి. పిల్లలను లొంగదీసుకోవాలని చూసేవాడు మొదటి రోజే అసభ్యంగా రాయడు. పాఠంతో మొదలుపెడతాడు. నీలో ప్రత్యేకత ఉందంటాడు. ఇంటి కష్టాలు అడుగుతాడు. ఇది మనిద్దరి మధ్యే ఉండాలంటాడు. తరువాత ఫొటో అడుగుతాడు. ఈ మెట్లలో మొదటి మూడు మంచి ఉపాధ్యాయుడూ ఎక్కుతాడు, నేనూ ఎక్కాను. మంచి ఉపాధ్యాయులందరూ విడి మెసేజ్‌లు మానేస్తే, విడిగా పెట్టేవాడు వెంటనే కంటబడతాడు. మేం హద్దు దాటుతూ ఉంటే మా వెనుక అతనికి దాక్కునే చోటు దొరుకుతుంది. కాబట్టి ఈ నియమం ఉపాధ్యాయుల మీద అనుమానంతో పెట్టింది కాదు.

మూడవది: సమానత్వం. ఫోను ఉన్న పిల్లకు రాత్రి కూడా పాఠం దొరికి, లేని పిల్లవాడికి పగలు కూడా దొరకకపోతే అది న్యాయం కాదు. మార్కులు వేసే చేయి ఎవరి వైపూ మొగ్గకూడదు, మొగ్గినట్టు కనబడనూ కూడదు.

ఉపాధ్యాయుల నుంచి మీరు ఆశించదగినవి

తల్లిదండ్రులు ఈ పద్ధతులను పాఠశాల యాజమాన్య కమిటీ సమావేశంలో అడగవచ్చు.

1. తరగతికి ఒకే గ్రూపు ఉండాలి. అందులో హెచ్.ఎం. గాని, మరొక ఉపాధ్యాయుడు గాని అడ్మిన్‌గా ఉండాలి. చిన్న తరగతులైతే పిల్లలకు బదులు తల్లిదండ్రుల నంబర్లే చేర్చాలి. మన దేశంలో వాట్సాప్ వాడటానికి ఆ కంపెనీ పెట్టిన కనీస వయసు 13 ఏళ్ళు.

2. హోంవర్కు, ప్రకటనల కోసం పెట్టిన గ్రూపులో అడ్మిన్లు మాత్రమే రాసే ఏర్పాటు పెట్టుకోవచ్చు. ఇది 2018 నుంచి ఉంది. పండుగ శుభాకాంక్షల మధ్య పరీక్ష తేదీ మునిగిపోకుండా ఉంటుంది.

3. సందేహాలకు ఒక వేళ పెట్టాలి. మా వైపు తండ్రి పని నుంచి వచ్చాకే ఫోను ఇంటికి వస్తుంది కనుక సాయంత్రం 6.30 నుంచి 8 వరకు బాగుంటుంది. షిఫ్టు పనుల వల్ల ఆ వేళ కుదరని పిల్లలకు మరునాడు బడిలో పది నిమిషాలు కేటాయించాలి.

4. విడిగా రాయక తప్పకపోతే తల్లి నంబరు గాని, తండ్రి నంబరు గాని కలిపి ముగ్గురి గ్రూపులో రాయాలి. అమ్మ చదవలేకపోతే వాయిస్ మెసేజ్ పెట్టాలి.

5. మార్కుల జాబితా గ్రూపులో పెట్టకూడదు. ఒకసారి మా తోటి ఉపాధ్యాయుడు అరపరీక్ష మార్కులు ఫొటో తీసి గ్రూపులో పెట్టాడు. లెక్కల్లో 9 వచ్చిన పిల్లవాడు మూడు రోజులు బడికి రాలేదు. ఆ ఫొటో అప్పటికే వాళ్ళ మామకు, అత్తకు చేరింది. 2009 విద్యా హక్కు చట్టం 17వ సెక్షను కొట్టడంతోపాటు మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ఆ ఉపాధ్యాయుడికి అవమానించాలన్న ఉద్దేశం లేకపోవచ్చు, పిల్లవాడికి జరిగింది మాత్రం అవమానమే.

6. విద్యార్థులు పంపిన ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ కోరికలను వాళ్ళు చదువు ముగించి వెళ్ళేదాకా ఒప్పుకోకూడదు. అందరికీ ఒకే నియమం అయితే ఎవరూ నొచ్చుకోరు.

7. తన తరగతి పిల్లలనే డబ్బు తీసుకొనే ట్యూషను గ్రూపులో చేర్చకూడదు. అదే చట్టం 28వ సెక్షను ప్రకారం ఉపాధ్యాయులు ప్రైవేటు ట్యూషన్లు చెప్పరాదు.

విద్యార్థులారా, మీకు

హద్దు రెండు వైపులా ఉంటుంది. ఆన్‌లైన్ తరగతుల కాలంలో మా తోటి టీచరు ఒకామె పాఠం చెబుతుండగా స్క్రీన్‌షాట్ తీసి స్టిక్కరు చేశారు. అది జిల్లా అంతా తిరిగింది. ఆమె ఆ తరువాత కెమెరా పెట్టడమే మానేసింది. నష్టం ఎవరికి? అడగకుండా తరగతిలో వీడియో తీయడం, ఉపాధ్యాయుల ఇంటి ఫొటోలు వెతకడం, వాళ్ళ పేరుతో నకిలీ ఖాతా తెరవడం హాస్యం కాదు. నకిలీ ఖాతా నేరం కూడా అవుతుంది.

సందేహం రాసేటప్పుడు మీ పేరు, తరగతి, పుస్తకంలో పేజీ, ఎంతవరకు చేశారో రాయండి. "సార్, రాలేదు" అని మాత్రం రాస్తే ఏమి రాలేదో మాకు తెలియదు.

ఇంట్లో కష్టం ఉంటే ఉపాధ్యాయుడికి చెప్పుకోండి, తప్పకుండా చెప్పుకోండి. రాత్రి ఫోనులో కాకుండా పగలు బడిలో చెప్పండి. మంచి ఉపాధ్యాయుడు "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వడు. "నీకు మేలు చేయగలిగిన వాళ్ళకే చెబుతాను, నీకు తెలియకుండా చెప్పను" అంటాడు. ఆ మాట అన్నవారిని నమ్మండి.

ఎవరైనా సరే, అయ్యవారైనా, చుట్టమైనా, మెసేజ్‌లు చెరిపేయమన్నా, వాటంతట అవే మాయమయ్యే ఏర్పాటు పెట్టుకోమన్నా, ఫొటో పంపమన్నా, అమ్మకు చెప్పొద్దన్నా అక్కడే ఆగండి. అది మీ తప్పు కాదు. ఇప్పటికే పంపి ఉన్నా మీ తప్పు కాదు. వెంటనే ఒక పెద్దవారికి చెప్పండి.

తల్లిదండ్రులకు

పిల్లల ఫోను దొంగచాటుగా వెతకడం కంటే "మీ సారు గ్రూపులో ఈ రోజు ఏమి చెప్పారు, నాకూ చూపించు" అని రోజూ అడగడం మేలు. రోజూ అడిగే ఇంట్లో ఒకరోజు అడగడం నేరవిచారణలా ఉండదు.

అనుమానం వచ్చిన వెంటనే ఫోను లాక్కోవద్దు. మాట చెప్పినందుకు చదువు పోతుందని తెలిస్తే ఏ పిల్లా రెండోసారి నోరు విప్పదు. ముందు పిల్ల మాట వినండి. తరువాత ఉపాధ్యాయుణ్ణి మర్యాదగానే అడగండి: "సార్, పాపకు రాసేది గ్రూపులో రాయండి, లేకపోతే నా నంబరు కలపండి." ఇంతే చాలు. మంచి ఉపాధ్యాయుడు నొచ్చుకోడు, మారతాడు. నొచ్చుకొని వాదించినా, మళ్ళీ విడిగా రాసినా అప్పుడు హెచ్.ఎం.కు రాతపూర్వకంగా ఇవ్వండి.

ఉపకార వేతనం కాగితాల విషయం

ఈ బులెటిన్ చదివే ఇళ్ళకు ఇది ముఖ్యం. దరఖాస్తు నింపడానికి సాయపడతారని ఆధారు, బ్యాంకు పాస్‌బుక్కు, ఆదాయ ధృవపత్రం, కుల ధృవపత్రం అన్నీ ఫొటో తీసి మాష్టారి వాట్సాప్‌కు పంపేస్తాం. గ్రూపులో పంపేవారూ ఉన్నారు. గ్రూపులో పెట్టిన ప్రతి కాగితం, ప్రతి నంబరు అందులోని అందరికీ అందుతుంది. సాధ్యమైతే జిరాక్సు కాగితాలు చేతికి ఇవ్వండి. ఆధారు నంబరు చివరి 4 అంకెలు మాత్రమే కనబడే మాస్క్‌డ్ ఆధార్ సరిపోయే చోట అదే ఇవ్వండి. పని అయ్యాక ఫొటోలు చెరిపేయమని అడగండి. ఓ.టి.పి. మాత్రం మాష్టారికైనా ఫోనులో చెప్పవద్దు, పక్కన కూర్చుని మీరే కొట్టండి.

వేతనం అందుకున్న పిల్లల ఫొటోలు గర్వంగా స్టేటస్ పెడతాం. పేరు, చదువు చాలు. తండ్రి ఆదాయం, ఇంటి కష్టం రాయకూడదు. ఆ పిల్ల రేపు ఉద్యోగానికి వెళ్ళినా ఆ మాటలు ఆమె వెంట వస్తాయి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ళలోపు పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల అంగీకారం అనే సూత్రం పెట్టింది. కాబట్టి ఫొటో వేసే ముందు అడిగి వేయడం మన సంఘాలకూ మంచి అలవాటు.

చట్టం ఏమంటుంది?

2012లో వచ్చిన పోక్సో చట్టం ప్రకారం 18 ఏళ్ళు నిండని ప్రతి ఒక్కరూ, ఆడైనా మగైనా, పిల్లలే. లైంగిక ఉద్దేశంతో పిల్లలను మాటిమాటికీ నేరుగా గాని, ఎలక్ట్రానిక్, డిజిటల్ సాధనాల ద్వారా గాని సంప్రదించడం 11వ సెక్షను కింద లైంగిక వేధింపు. శిక్ష మూడేళ్ళ వరకు జైలు, జరిమానా. అంటే చేయి తాకకుండా ఫోనులోనే ఈ నేరం జరగవచ్చు. ఇలాంటి నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలని 19వ సెక్షను అంటుంది. "బడి పరువు పోతుంది, సంఘం పరువు పోతుంది" అని పెద్దలు కూర్చుని సర్దేయడానికి చట్టంలో చోటు లేదు. తన కింద పనిచేసేవారి నేరాన్ని దాచిన సంస్థ అధిపతికి ఏడాది వరకు జైలు పడవచ్చు.

అవసరమైతే పిల్లల సహాయవాణి 1098కి ఫోను చేయండి. ఇది దేశమంతటా పనిచేస్తుంది, డబ్బు పడదు. ఆన్‌లైన్ నేరాలకు కేంద్ర ప్రభుత్వపు సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ ఉంది. పిల్లల అసభ్య చిత్రాల సంగతైతే పేరు చెప్పకుండానే అక్కడ ఫిర్యాదు చేయవచ్చు. మెసేజ్‌లు చెరపవద్దు, ఫోను అలాగే పోలీసులకు చూపండి. అసభ్య చిత్రాన్ని మాత్రం "చూడండి ఏమి చేశాడో" అని ఎవరికీ ఫార్వర్డ్ చేయవద్దు, అదీ నేరమే అవుతుంది.

ఇంట్లో కలిసి చర్చించుకోండి

1. పరీక్షకు ముందు రోజు రాత్రి 9.30కి సందేహం వచ్చింది. మీరు ఏమి చేస్తారు? గ్రూపులో అడగాలా, స్నేహితురాలిని అడగాలా, పొద్దున్నే బడికి ముందుగా వెళ్ళాలా?

2. క్లాసు టీచరు మీకు సొంత మేనత్త. ఇంటి గ్రూపులో ఆమె మీ మార్కులు రాసింది. ఆమెతో ఎలా చెబుతారు?

3. మీ మిత్రుడికి ఒక సారు విడిగా మెసేజ్‌లు పెడుతున్నారు, ఎవరికీ చెప్పొద్దని మిత్రుడు మీ దగ్గర ఒట్టు వేయించుకున్నాడు. ఆ ఒట్టు నిలుపుకోవాలా?

మూడవ ప్రశ్నకు నా జవాబు: నిలుపుకోనక్కరలేదు. నేను అలాంటి మాట ఒకటి నిలుపుకొన్నాను, దాని ఖరీదు ఒక పిల్ల చదువు.

మొదట చెప్పిన ఆ తల్లి నా దగ్గర నుంచి వెళ్ళి క్లాసు సారును అడిగింది. ఆ సారు చిన్నవాడు, ఉద్యోగంలో కొత్త. "నాకు తోచలేదమ్మా" అని అదే రోజు ఆమె నంబరును కలిపి గ్రూపు చేశాడట. పాప సందేహాలు ఇప్పుడు తల్లి కూడా వింటోంది. "నాకూ భిన్నాలు వస్తున్నాయి సార్" అని నవ్వింది. చనువు ఎక్కడికీ పోలేదు, ఇంకొకరికి కూడా చోటు దొరికింది. అందరి ఇళ్ళలోనూ ఈ మాట ఇంత తేలికగా ముగియాలని కోరుకుంటూ,

మీ శ్రేయోభిలాషి,
విశ్రాంత గణితోపాధ్యాయుడు, హోసూరు